చెవిలో నీరా, ఏకాగ్రత లోపమా: ఒక ఐదేళ్ల బాలుడి కేసు

మధ్య చెవిలో నీరు చేరడం పిల్లల్లో ఎంత మామూలంటే, బడి వయసు వచ్చేలోగా పదిమందిలో సుమారు తొమ్మిది మందికి ఒక్కసారైనా వచ్చి పోతుందని అంచనా. చాలామందిలో ఎవరి కంటా పడకుండానే తగ్గిపోతుంది. అలాంటి జబ్బు మీద ఇంత వివరంగా రాయడానికి కారణం ఈ బాలుడు నా దగ్గరికి వచ్చిన దారి. వినికిడి తగ్గిందని ఎవరూ అనలేదు. ఏకాగ్రత లోపం ఉందేమోనన్న అనుమానంతో పిల్లల మనోవికాస నిపుణుల దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్లు తమ పరీక్షలు మొదలుపెట్టే ముందు చెవుల సంగతి తేల్చమని పంపారు. ఆ తేల్చడం ఒక్క పరీక్షతో అయ్యేది కాదని ఈ కేసు చూపించింది.

నేను వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుని. శస్త్రచికిత్సకు సంబంధించిన నిర్ణయాలు ఈఎన్‌టీ సహోద్యోగివి. బాలుణ్ని గుర్తుపట్టగల వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

వయసు ఐదేళ్లు దాటి కొన్ని నెలలు. నెలలు నిండి పుట్టాడు. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలో రెండు చెవులూ సరిగానే ఉన్నాయి. దగ్గరి బంధువుల్లో చిన్ననాటి నుంచి వినికిడి లోపం ఉన్నవారు లేరు. అంగిలి చీలిక, డౌన్ సిండ్రోమ్ లేవు. ఈ రెండింటినీ ప్రత్యేకంగా అడుగుతాం, ఎందుకంటే ఆ పిల్లల్లో నీరు తరచుగా చేరుతుంది, చేరితే త్వరగా పోదు. మామూలు పిల్లలకు చెప్పే ‘మూడు నెలలు ఆగి చూద్దాం’ అన్న మాట వాళ్లకు యథాతథంగా చెప్పకూడదు.

తరచూ జలుబు, నోరు తెరుచుకుని నిద్ర, గురక ఉన్నాయి. చెవినొప్పి మాత్రం ఎప్పుడూ లేదు, చీము కారలేదు. మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగానికి వెళ్లే యూస్టేషియన్ నాళం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుతో అది వాచినా, దాని ముఖద్వారం దగ్గర ఉండే అడినాయిడ్ అనే మెత్తటి కండ పెరిగినా లోపలికి గాలి అందదు. గాలి అందని చోట నీరు ఊరుతుంది, నిలిచేకొద్దీ కొందరిలో జిగురుగా చిక్కబడుతుంది. ఇన్‌ఫెక్షన్ లేదు కాబట్టి జ్వరం రాదు, నొప్పి ఉండదు. పిల్లవాడు ఫిర్యాదు చేయడు. ఐదేళ్లవాడికి తనకు వినిపిస్తున్నది తక్కువని తెలిసే అవకాశమే లేదు.

వచ్చిన సమస్య

టీచరు రాసి పంపిన కాగితం నాకు చాలా ఉపయోగపడింది. తరగతికంతటికీ కలిపి చెప్పిన పని చేయడు, పక్కపిల్లలను చూసి ఆలస్యంగా మొదలుపెడతాడు, కథ చెప్పేటప్పుడు కుదురుగా కూర్చోడు, పిలిస్తే ఒక్కోసారి పలకడు. చివర ఒక వాక్యం ఉంది: దగ్గర కూర్చోబెట్టుకుని చెబితే చేస్తాడు. పక్కవాళ్లను చూసి మొదలుపెట్టడం, దగ్గరగా చెబితే చేయడం, ఈ రెండూ ఏకాగ్రత లోపంలో అసలు కనిపించవని అనను గానీ, ఒకేచోట కనిపిస్తే నా ఆలోచన ముందుగా చెవుల వైపు వెళ్తుంది. చూసి నేర్చుకుంటున్నాడంటే శ్రద్ధ ఉందనే అర్థం.

తండ్రి వాదన వేరు. వెనక నిలబడి మెల్లగా పేరు పిలిచినా తిరుగుతాడు, చెవులు బాగానే ఉన్నాయి అన్నారు. తల్లి మాత్రం కొన్ని వారాలు బాగా వింటాడని, కొన్ని వారాలు గోడతో మాట్లాడినట్టు ఉంటుందని చెప్పారు. ఇద్దరూ చెప్పింది నిజమే. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో, అడుగు దూరం నుంచి, ఎదురుచూస్తున్న మాట వినడానికి కొద్దిపాటి వినికిడి లోపం అడ్డుకాదు. తరగతి లెక్క వేరు. మామూలు సంభాషణ మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్ ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గుతుంది. అంటే నాలుగు మీటర్ల అవతల కూర్చున్న పిల్లవాడికి 12 డెసిబెల్ తక్కువగా చేరుతుంది. గది గోడల ప్రతిధ్వని వల్ల ఈ లెక్క కొంత మారుతుంది, అయితే ఆ ప్రతిధ్వని మాటను స్పష్టం చేయదు, మసకబారుస్తుంది. దాని మీద ముప్ఫైమంది పిల్లల గోల. ఇందులో నుంచి మరో 30 డెసిబెల్ తీసేస్తే ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు.

మొదటి పరీక్షలు

కర్ణభేరి రెండు వైపులా మెరుపు తగ్గి, పసుపు ఛాయతో లోపలికి లాక్కుని ఉంది. కుడివైపు ఒకటి రెండు గాలి బుడగలు కనిపించాయి. గాలి ఒత్తిడి మార్చుతూ కర్ణభేరి కదలికను గీతగా చూపే టింపనోమెట్రీలో రెండు చెవులకూ సమతలంగా గీత వచ్చింది, అంటే బి-రకం. చెవి నాళం పరిమాణం కుడి 0.6, ఎడమ 0.7 మిల్లీలీటర్లు. ఈ రెండో సంఖ్య చూడకుండా గీతను చదవడం నాకు నచ్చదు. సమతల గీత గులిమి అడ్డుపడినా వస్తుంది, కర్ణభేరికి రంధ్రం ఉన్నా వస్తుంది. మొదటి సందర్భంలో పరిమాణం మరీ చిన్నదిగా, రెండో సందర్భంలో మరీ పెద్దదిగా కనిపిస్తుంది. ఇక్కడ పరిమాణం మామూలుగా ఉంది కాబట్టి కర్ణభేరి వెనక నీరు ఉందని చెప్పగలిగాం.

ఆటతో కలిపి చేసే వినికిడి పరీక్షలో పిల్లవాడు శబ్దం వినగానే బుట్టలో బొమ్మ వేయాలి. ఈ వయసువాళ్లు ఇచ్చేది పావుగంట శ్రద్ధ. కాబట్టి ఏది ముందు కొలవాలన్నది ముందే నిర్ణయించుకోవాలి. ఒక చెవికి అన్ని పౌనఃపున్యాలూ పూర్తిచేసి రెండో చెవికి వెళ్లే పద్ధతిని నేను పాటించను. రెండు చెవులకూ 1000, 4000 హెర్ట్జ్ తీసుకుని, వెంటనే ఎముక ద్వారా, అంటే మధ్య చెవిని దాటేసి కంపనాన్ని నేరుగా లోపలి చెవికి పంపి, కొలత తీసుకున్నాను. 500, 2000 ఆ తర్వాత వచ్చాయి. మధ్య చెవిలో నీరు కనిపించినప్పుడు లోపం మొత్తాన్నీ దాని ఖాతాలో వేసేయడం సులువు. అంత మామూలైన జబ్బు వెనక లోపలి చెవి జబ్బు ఉన్నా కనిపించదు. పుట్టినప్పటి పరీక్ష బాగుండటం ఐదేళ్ల తర్వాత హామీ కాదు. అందుకే ఎముక కొలతను చివరికి వదిలితే, అలసిపోయిన పిల్లవాడితో పాటు అదీ పోతుంది.

గాలి ద్వారా, అంటే మామూలుగా చెవి నాళం గుండా, వినగలిగిన అతి చిన్న శబ్దం నాలుగు పౌనఃపున్యాల సగటున కుడి చెవిలో 30, ఎడమ చెవిలో 35 డెసిబెల్ (సంఖ్య తగ్గేకొద్దీ వినికిడి మెరుగు). ఎముక ద్వారా 5 నుంచి 10. రెంటి మధ్య తేడా నీటి వల్ల వచ్చే లోపానికి సరిపోయింది. ఆ జబ్బులో సగటు లోపం 25 డెసిబెల్ పైచిలుకే, 50కి పైన పోవడం అరుదు. రెండు చెవుల్లోనూ 2000 హెర్ట్జ్ దగ్గర మిగతా చోట్ల కంటే బాగా వినిపించింది. నీరున్న చెవుల్లో ఇది తరచూ కనిపించేదే. ఆ ఒక్క చోట చూసి సరిపెట్టుకునే తొందరపాటు పరీక్షలో ఇలాంటి పిల్లలు జారిపోవడానికి అదీ ఒక కారణం.

ఎముక కొలతకు ఒక పరిమితి ఉంది. ఎముక మీద పెట్టిన కంపనం రెండు లోపలి చెవులకూ చేరుతుంది. రెండో చెవిని వేరే శబ్దంతో కప్పకపోతే, కనీసం ఒక లోపలి చెవి బాగుందని మాత్రమే చెప్పగలం. ఆ పరీక్షకు ఈ పిల్లవాడు సహకరించే స్థితిలో లేడు. రిపోర్టులో ఆ సంగతి అలాగే రాసి, రెండు చెవుల్నీ విడివిడిగా తేల్చాల్సిన పని మిగిలి ఉందని గుర్తు పెట్టుకున్నాం.

అప్పటికే వాడినవి, మేం ఆపినవి

మా దగ్గరికి వచ్చేసరికి యాంటీబయాటిక్ ఒకటికి రెండుసార్లు, అలర్జీ సిరప్, ముక్కు దిబ్బడ తగ్గించే మందు వాడి ఉన్నారు. మధ్య చెవిలోని నీటికి ఇవేవీ పనిచేయవు. అమెరికాలోని ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2016 మార్గదర్శకాలు వీటన్నిటినీ, స్టెరాయిడ్లతో సహా, ఈ పరిస్థితికి వాడవద్దని సూటిగా చెప్పాయి. స్టెరాయిడ్ మాత్రల గురించి తల్లి ప్రత్యేకంగా అడిగారు. 2018లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో అయిదు వారాల తర్వాత చూస్తే స్టెరాయిడ్ తీసుకున్న పిల్లల్లో సుమారు 40 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 33 శాతం మందికి వినికిడి తగినంతగా ఉంది. ఆ కాస్త తేడా యాదృచ్ఛికమూ కావచ్చు. ఆ లెక్కలో నాకు ఆసక్తిగా అనిపించేది రెండో సంఖ్య: ఏమీ చేయకుండానే మూడోవంతు మంది బాగుపడ్డారు. ‘మా వాడికి ఫలానా మందుతో తగ్గింది’ అన్న మాటలు ఇన్ని వినిపించడానికి మూలం అక్కడే ఉంది.

మూడు నెలల నిరీక్షణ

నీరు ఎప్పుడు చేరిందో తెలియదు. అలాంటప్పుడు గుర్తించిన రోజు నుంచి లెక్కపెడతాం. ఆగి చూడటం అంటే ఇంటికి పంపేయడమని తల్లిదండ్రులు అర్థం చేసుకుంటే ఆ తప్పు వాళ్లది కాదు, అలా చెప్పినవాళ్లది. ఈ మూడు నెలల్లో పిల్లవాడు బడికి వెళ్తూనే ఉంటాడు, మాట నేర్చుకుంటూనే ఉంటాడు. అందుకని ఇంట్లో టీవీ ఆపి, ఎదురుగా వచ్చి, ముందు పేరు పిలిచి, తిరిగాక మాట్లాడమని చెప్పాం. బడిలో ముందు వరుసలో కూర్చోబెట్టమని టీచరుకు రాశాం.

ముక్కుతో బెలూన్ ఊదే సాధనాన్నీ ఇచ్చాం. ఒక ముక్కురంధ్రం మూసి, రెండోదానితో బెలూన్ ఊదితే ఆ ఒత్తిడికి యూస్టేషియన్ నాళం తెరుచుకుంటుంది. రోజుకు మూడుసార్లు చేయాలి. 4 నుంచి 11 ఏళ్ల పిల్లల మీద బ్రిటన్‌లో జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, నెల తర్వాత టింపనోగ్రామ్ మామూలైనవాళ్లు బెలూన్ ఊదినవాళ్లలో 47 శాతం, ఊదనివాళ్లలో 36 శాతం. లాభం పెద్దది కాదు. హాని లేదు, ఖర్చు తక్కువ, పైగా నిరీక్షణ కాలంలో కుటుంబానికి ఒక పని ఉంటుంది. అందుకే ప్రయత్నించాం.

పనిచేయలేదు. ముక్కు దాదాపు ఎప్పుడూ దిబ్బడగానే ఉండటంతో బెలూన్ సరిగా ఉబ్బేదే కాదు. పూటపూటా ఏడుపు, బతిమాలడం, కోపం. రెండు వారాలు దాటాక ఆపేయమన్నాం. అప్పటికే మాట వినడని పేరుపడిన పిల్లవాడికి రోజుకు మూడు గొడవలు అదనంగా తగిలించడం ఎవరికీ మేలు చేయదు. పద్ధతిలో లోపం లేదు. మూసుకుపోయిన ముక్కుకు అది సరిపడలేదు.

ముందు వరుస సలహా కూడా సగమే ఫలించింది. అది టీచరు నల్లబల్ల దగ్గర నిలబడి చెప్పే తరగతికి పనికొచ్చే సలహా. ఈ తరగతిలో పిల్లలు గుండ్రంగా గుంపులుగా కూర్చుంటారు, టీచరు తిరుగుతూ ఉంటారు, సగం మాటలు తోటిపిల్లల నుంచి వస్తాయి. ముందు కూర్చున్నవాడికి గోలంతా వెనక నుంచి తగులుతుంది. టీచరుతో ఫోనులో మాట్లాడాక సలహా మార్చాం: పిల్లలు చెప్పిన సమాధానాన్ని టీచరు తిరిగి పైకి చెప్పాలి, పని మారేటప్పుడు బొమ్మతో చూపాలి. తరగతి ఎలా నడుస్తుందో అడగకుండా కుర్చీ గురించి సలహా ఇవ్వడం దండగ.

ఆరు వారాల దగ్గర కుడి చెవి గీత బి నుంచి సి-రకానికి మారింది, సగటు 20 డెసిబెల్‌కు వచ్చింది. ఎడమ అలాగే ఉంది. టీచరు కూడా ఆ వారం బాగున్నాడని రాశారు. తండ్రికి పెద్ద ఊరట. ఇక్కడితో ఫైలు మూసే ఆలోచన మాకూ రాకపోలేదు. సి-రకం అంటే లోపల గాలి ఒత్తిడి ఇంకా తక్కువగానే ఉందని అర్థం. ఆ చెవి బాగుపడే దారిలోనూ ఉండవచ్చు, మళ్లీ నిండే దారిలోనూ ఉండవచ్చు. ఒక్కరోజు కొలతకు ఆ తేడా తెలియదు. ఒక చెవి బాగుంటే నిశ్శబ్దంలో చాలా పనులు నడిచిపోతాయి, కాబట్టి అప్పటికి వేరే ఏదీ చేయకుండా గడువు దాకా ఆగాం. తర్వాత జలుబు వచ్చింది. మూడో నెల చివర రెండు గీతలూ సమతలం. సగటు కుడి 33, ఎడమ 38.

అప్పుగా ఇచ్చిన వినికిడి

ఇప్పుడు గ్రోమెట్లు వేయడానికి అన్ని కొలతలూ సరిపోయాయి. కర్ణభేరికి చిన్న కోత పెట్టి, నీరు లాగేసి, ఆ కోతలో చిన్న గొట్టం అమర్చడం ఆ పద్ధతి. యూస్టేషియన్ నాళం చేయలేని పనిని, అంటే లోపలికి గాలి పంపడాన్ని, ఆ గొట్టం చేస్తుంది. తల్లి ఒప్పుకున్నారు. తండ్రి మత్తుమందుకు భయపడ్డారు. దానికన్నా లోతుగా ఆయన్ని పట్టి ఉంచినది వేరే సందేహం: అసలు సమస్య బుర్రలో ఉంటే, చెవికి ఆపరేషన్ ఎందుకు? న్యాయమైన ప్రశ్న. ఆడియోగ్రామ్ ఎంత వినిపిస్తోందో చెబుతుంది. తరగతిలోని ప్రవర్తనలో ఎంత భాగం దానివల్ల వచ్చిందో చెప్పదు.

ఎలాగూ శస్త్రచికిత్సకు కొన్ని వారాల వ్యవధి ఉంది. ఆ వారాలకు తలకు మెత్తటి పట్టీతో కట్టుకునే, ఎముక ద్వారా శబ్దం పంపే వినికిడి సాధనాన్ని అరువుగా ఇచ్చాం. మామూలు వినికిడి యంత్రం ఎందుకు కాదంటే, నీటి మట్టం మారేకొద్దీ దాని శబ్దాన్నీ మార్చుతూ ఉండాలి. ఎముక సాధనం నీటిని పక్కకు పెట్టి నేరుగా లోపలి చెవికి చేరుతుంది. కనీసం ఒక లోపలి చెవి బాగుందని మనకు తెలుసు కాబట్టి ఈ వారం నీరు ఎంత ఉందన్నదానితో పెద్దగా పని లేదు. బ్రిటన్ నైస్ సంస్థ 2023 మార్గదర్శకాలు కూడా ఇలాంటి సాధనాలను ఒక ఎంపికగా చెప్పాయి. మా ఉద్దేశంలో అది చికిత్స కొంత, పరీక్ష కొంత.

పరీక్షగా పనికి రావాలంటే ముందే ఏం చూడాలో రాసుకోవాలి. లేకపోతే కొత్త వస్తువు కట్టుకున్న ఉత్సాహాన్ని అందరూ మెరుగుదల అనుకుంటారు. టీచరుతో కలిసి కొన్ని ప్రశ్నలు పెట్టుకున్నాం: సూచన వినగానే మొదలుపెడుతున్నాడా, పక్కవాళ్లను చూసి మొదలుపెడుతున్నాడా, కథ మధ్యలో అడిగితే చెప్పగలుగుతున్నాడా, ఒంటరిగా చేసే రాత పని ఎంతసేపు చేస్తున్నాడు. చివరి ప్రశ్నను కావాలనే చేర్చాం. రాత పనికి చెవితో సంబంధం తక్కువ. అదీ మారితే అనుమానించాలి. మిగతావి మారి అది మారకపోతే ఏది దేనివల్లో కొంత తెలుస్తుంది.

రెండు వారాలలోపే మొదటి మూడూ స్పష్టంగా మారాయి. పక్కకు చూడటం తగ్గింది, కథలో ఏం జరిగిందో చెప్పగలిగాడు. రాత పని దగ్గర మాత్రం అదే కదలిక, అదే తొందర. ఇంట్లో సాధనం కట్టుకోవడానికి ఒప్పుకోలేదు, పట్టుబట్టవద్దని మేమూ చెప్పాం. చెవి దగ్గరగా మాట్లాడే ఇంట్లో దాని అవసరం తక్కువే. బొమ్మలు చూపించి మాటలు గుర్తుపట్టమనే పరీక్ష కూడా ఇదే చెప్పింది. నిశ్శబ్దంలో సాధనం లేకుండా 20 మాటల్లో 18 పట్టాడు. వెనక గోల పెడితే 11. సాధనంతో అదే గోలలో 16.

తండ్రి శస్త్రచికిత్సకు ఒప్పుకున్నది మా వివరణ విని కాదు, టీచరు కాగితం చదివి.

శస్త్రచికిత్స, ఆ తర్వాత

గ్రోమెట్లతో పాటు అడినాయిడ్ కూడా తీయాలని ఈఎన్‌టీ వైద్యులు నిర్ణయించారు. నాలుగేళ్ల లోపు పిల్లల్లో ముక్కుకు సంబంధించి ప్రత్యేక కారణం లేకపోతే గ్రోమెట్లతోనే ఆగుతారు. ఈ పిల్లవాడు ఆ వయసు దాటాడు, గురక ఉంది, ముక్కు దిబ్బడ ఉంది. ఎడమ చెవిలో జిగురులాంటి చిక్కటి ద్రవం, కుడి చెవిలో పలచటి ద్రవం వచ్చాయి.

నెలన్నర తర్వాత రెండు చెవుల్లోనూ గాలి ద్వారా 10 నుంచి 15 డెసిబెల్. మొదట్లో మిగిలిపోయిన పనీ దీనితో తీరింది. ఇయర్‌ఫోనుతో చెవికి చెవి విడిగా కొలిచినప్పుడు గాలి ద్వారానే మామూలుగా వినిపిస్తే రెండు లోపలి చెవులూ బాగున్నట్టే. టింపనోగ్రామ్ మళ్లీ సమతలంగానే వచ్చింది, తల్లి ఆ కాగితం చూసి కంగారుపడ్డారు. నాళం పరిమాణం చూపించాం: 0.6 ఉన్నది 3 దాకా పెరిగింది. గొట్టం తెరుచుకుని ఉంది కాబట్టి యంత్రం మధ్య చెవిని కూడా కలిపి కొలుస్తోంది. అదే గీతకు అప్పుడు నీరు నిండిందని, ఇప్పుడు గొట్టం పనిచేస్తోందని అర్థం.

మొదటి కొద్ది రోజులు శబ్దాలు భరించలేక చెవులు మూసుకున్నాడు. అది జరగవచ్చని ముందే చెప్పాం కాబట్టి ఇంట్లో భయపడలేదు. స్నానానికి చెవుల్లో దూది పెట్టమని మేం చెప్పలేదు, నీళ్ల జాగ్రత్తలు అందరికీ అవసరం లేదు. చెవి కారితే నోటి మందు కన్నా యాంటీబయాటిక్ చుక్కలు మేలని, ముందు మాకు చూపించమని రాసిచ్చాం. ఒకసారి కారింది, చుక్కలతో తగ్గింది.

వినికిడి వచ్చినంత మాత్రాన మాట సర్దుకోలేదు. స, శ, ఫ లాంటి బలహీనమైన ధ్వనులను అతను ఒకదానితో ఒకటి కలిపేసేవాడు, వాక్యాల్లో ‘కి’, ‘లో’ వంటి చిన్న ప్రత్యయాలను మింగేసేవాడు. గోలలో ముందుగా కొట్టుకుపోయేవి ఇలాంటివే. స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని నెలలు పట్టింది. ప్రత్యయాలు త్వరగా వచ్చాయి, స ఆలస్యమైంది.

పది నెలలకు కుడి గొట్టం దానంతటదే ఊడింది, ఎడమది ఆ తర్వాత. ఈ గొట్టాలు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు ఊడిపోతాయి. కర్ణభేరి రెండు వైపులా మూసుకుంది. కొద్దిమందిలో రంధ్రం మిగిలిపోతుంది కాబట్టి అది చూడటం తప్పనిసరి. తర్వాతి జలుబులో ఎడమ చెవిలో మళ్లీ నీరు చేరింది. కుడి చెవి బాగుంది, మాట వెనక్కి వెళ్లలేదు, తరగతిలో మార్పు లేదు. ఏమీ చేయలేదు. తర్వాతి తనిఖీకి పోయింది.

ఏకాగ్రత పరీక్షను వినికిడి ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే చేయమని మనోవికాస నిపుణులను కోరాం, వాళ్లూ అదే అనుకున్నారు. లోపం అని నిర్ధారించేంత లక్షణాలు లేవని తేల్చారు. అయితే రాత పనిలో త్వరగా విసుగు, కదలిక వయసుకు కొంచెం ఎక్కువగానే ఉన్నాయని, పనిని చిన్న ముక్కలుగా ఇవ్వమని బడికి సూచించారు. అరువు సాధనం కట్టిన వారాల్లో మారకుండా మిగిలినది కూడా ఇదే. ఇప్పుడు ఏకాగ్రత అనుమానంతో వచ్చే పిల్లల్లో చెవి నీరు కనిపిస్తే, వీలున్నచోట ముందుగా ఆ పట్టీ కట్టి, టీచరుకు ఆ ప్రశ్నల కాగితమే పంపుతున్నాం. రాత పని ప్రశ్న అందులో అలాగే ఉంది.